బూట్ల పెట్టెలో వెళ్ళిన అర్జీ

మా వదిన కెజయా టటిల్‌ను ఈ ఏడు వేసవి మొదట్లో పాతిపెట్టాం. పాదిరి గారు శవపేటిక పక్కన నిలబడి, ఈమె ఓర్పుకు మారుపేరు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు ఒకే పని చేసిన మనిషిని చూస్తే జనం దాన్ని ఓర్పనుకుంటారు. వదినకు ఉన్నది మొండితనం, ఆ పైన అలసట. ఆ రెండూ కలిస్తే దూరం నుంచి ఓర్పులాగే కనిపిస్తుంది కాబోలు. ఆ ఇంట్లో బతికినదాన్ని కాబట్టి నేను చెబుతున్నాను, ఆవిడకు ఓర్పు లేదు. పొయ్యి మీద పులుసు మరిగేదాకా కూడా ఆగలేక మూత తీసి నాలుక కాల్చుకునేది.

నేను ఆవిడ భర్త ఆసాకి చెల్లెల్ని. పేరు లొవైసా, ఇంట్లో లోవీ. నాకు పెళ్ళి కాలేదు. అన్నయ్య ఇంట్లో అటక కింద ఒక గది, వదిన కుర్చీ పక్కన ఒక పీట, ఇవే నా ఆస్తి. మా వెర్నమ్ ఊరు మొత్తానికి బూట్ల పనే ఆధారం. మగవాళ్ళు పెరట్లో చిన్న కొట్టంలో కూర్చుని అడుగు తోలు కొడతారు, ఆడవాళ్ళు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని పై తోలు కుడతారు. కత్తిరించిన తోలు హాలోవెల్ గారి కార్ఖానా నుంచి వస్తుంది, కుట్టిన తోలు తిరిగి అక్కడికే వెళుతుంది. ఊళ్ళో మూడు వంతుల ఇళ్ళకు అన్నం పెట్టేది జీనస్ హాలోవెల్ గారే. ఆ మాట ఆయన కూడా మరిచిపోనిచ్చేవారు కాదు.

మేం కుట్టే బూట్లు మా ఊళ్ళో ఎవరూ తొడుక్కునేవి కావు. మొరటు తోలు, కుడికీ ఎడమకీ తేడా లేదు, కాలు అరిగి బూటుకు సరిపోవాలే తప్ప బూటు కాలికి సరిపోదు. పెట్టెల్లో కట్టి ఓడ మీద దక్షిణాది రేవు చార్ల్‌స్టన్‌కు పంపేవారు. అక్కడి పొలాల దొరలు తమ బానిసలకు ఏడాదికొక జత చొప్పున ఇచ్చేవాళ్ళు. బానిసల కాళ్ళకు బూట్లు కుట్టి మేం తిన్నాం. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అప్పట్లో సిగ్గుపడడానికి తీరిక ఉండేది కాదు.

వదినకు మాత్రం ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. పద్దెనిమిది వందల ముప్ఫై ఆరో సంవత్సరంలో బోస్టన్ నుంచి ఒకావిడ వచ్చి మా ప్రార్థనామందిరంలో మాట్లాడింది. వెళ్ళేటప్పుడు అచ్చువేసిన అర్జీ కాగితాలు పంచింది. వాషింగ్టన్ నగరం ఏ రాష్ట్రానిదీ కాదు, దేశం మొత్తానిది, అక్కడి చట్టం అక్కడ కూర్చునే దేశపు చట్టసభ చేతిలోనే ఉంది, కనీసం అక్కడైనా మనుషుల్ని కొనడం అమ్మడం ఆపండి అని అందులో రాసి ఉంది. కింద రెండు గళ్ళు. ఎడమవైపు మగవాళ్ళ సంతకాలు, కుడివైపు ఆడవాళ్ళవి. మాకు ఓటు లేదు. అడుక్కునే హక్కు మాత్రం ఉంది. వదిన ఒక కాగితం ఇంటికి తెచ్చుకుంది.

"ఇది ఒక్కసారి ఆ సభలో ఎవరో ఒకరు లేచి పైకి చదవాలి లోవీ," అంది ఆ రోజే. "ఒప్పుకోకపోతే పోనీ. చదివితే చాలు. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళ చెవుల్లో పడితే చాలు."

అంతకు మించి ఆవిడ ఏమీ కోరలేదు. అదీ దక్కలేదు. ఇలాంటి అర్జీలు వస్తే చదవకుండా, చర్చించకుండా బల్ల మీద పెట్టేయాలని ఆ ఏడే సభ తీర్మానించుకుంది. ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన మా రాష్ట్రపు ముసలాయన ఒకరు అదే సభలో మామూలు సభ్యుడిగా కూర్చుని, సోమవారం వస్తే చాలు మా అర్జీలు పట్టుకుని లేచేవారట. ఆయన నోరు తెరవగానే మిగతావాళ్ళు కూర్చో కూర్చో అని అరిచేవారట. ఇదంతా పేపర్లో చదివి వదిన మళ్ళీ శాలువా కప్పుకుని వీధిలోకి వెళ్ళేది.

ఏటా చలికాలం ముందు మూడు వారాలు ఇదే తంతు. పగలు కుట్టు పని, మధ్యాహ్నం అర్జీ. వెంట నన్ను కూడా ఈడ్చుకెళ్ళేది. తలుపు తీయగానే పైనున్న అర్జీ మొత్తం గట్టిగా చదివి వినిపించేది, వినకుండా సంతకం పెట్టనిచ్చేది కాదు. కొందరు కుక్కను వదిలేవారు. కొందరు లోపల ఉండి లేమనిపించేవారు. ఎక్కువమంది మాత్రం మర్యాదగానే నీళ్ళు నమిలేవారు.

"ఎన్నికలు అయ్యాక రా కెజయా," అనేది కొలిమి వాళ్ళావిడ. "ఇప్పుడు ఈ గొడవ ఎత్తితే దక్షిణాది వాళ్ళు మన వాడికి ఓటేస్తారా చెప్పు."

"ఎన్నికలయ్యాకే కదా వచ్చాను పోయినసారి!"

"అప్పుడు కొత్తాయన. కాస్త సర్దుకోనివ్వాలిగా."

"మీరంతా సర్దుకునేసరికి నన్ను పాడె మీద సర్దేస్తారు," అనేది వదిన. నవ్వు వచ్చేది, కానీ సంతకం వచ్చేది కాదు. ఆవిడ కాగితాలు మోయడం మొదలుపెట్టాక ఎనిమిదిమంది అధ్యక్షులు మారారు. ప్రతివాడికీ సర్దుకోవడానికి సమయం ఇవ్వాల్సిందే. సర్దుకున్నాక మళ్ళీ ఎన్నికలు.

ముప్ఫై తొమ్మిదో సంవత్సరం చలికాలంలో ముప్ఫై ఒక్క సంతకాలు వచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ అన్ని రాలేదు. చివరికి వెళ్ళింది మందిరం పెద్ద జేబెజ్ థార్న్ గారింటికి. ఎనభై ఏళ్ళ మనిషి, కళ్ళు మసకలు. కలం పుచ్చుకుని, ముక్కు కాగితానికి ఆనించి, పేద్ద సంతకం తీసుకెళ్ళి ఆడవాళ్ళ గడిలో పెట్టారు.

"అయ్యో తాతగారూ, అది మా వైపు!" అన్నాను.

"ఏం, మీ వైపు ఉంటే నన్ను తంతారా?" అన్నారాయన. "స్వర్గంలో ఎటూ గళ్ళు ఉండవుగా."

స్వర్గంలో లేకపోవచ్చు, వాషింగ్టన్‌లో ఉన్నాయి. లెక్క తప్పిందనో, పేరు చెరిపారనో సాకు దొరికితే చాలు, అక్కడి గుమాస్తాలు కట్టలు కట్టలు వెనక్కి కొట్టేవారు. అందుకని వదిన ఆ కాగితం పక్కన పెట్టేసి, కొత్త కాగితం మీద ముప్ఫై ఒక్కమందితో మళ్ళీ సంతకాలు పెట్టించింది. ఇంకో పది రోజులు కాళ్ళరిగాయి. అది వాషింగ్టన్ చేరేసరికి సభ ఇంకో మెట్టు పైకెక్కింది. ఇక మీదట ఇలాంటివి బల్ల మీద పెట్టడం కూడా లేదు, గుమ్మంలోకే రానివ్వం అంది.

పాడైన కాగితం పొయ్యి పక్కన గూట్లో ఉండిపోయింది. మా ఊళ్ళో కాగితం పారేసే అలవాటు ఎవరికీ లేదు. కుట్టిన తోళ్ళు కార్ఖానాకు పట్టుకెళ్ళేటప్పుడు ఏదో ఒక పాత కాగితంలో చుడతాం. అక్కడ పెట్టెలు కట్టేవాళ్ళు ఆ కాగితాన్నే పెట్టె అడుగున పరుస్తారు, తోలుకు పట్టించిన కొవ్వు చెక్కకు అంటకుండా. పుట్టి బుద్ధెరిగాక ఇంతకు మించి ఆలోచించిన పాపాన పోలేదు ఎవరూ. నలభయ్యో సంవత్సరం జులైలో ఒక మధ్యాహ్నం, బండి వచ్చేస్తోందని హడావిడిలో, గూట్లో చేతికి దొరికిన కాగితం లాగి తోళ్ళు చుట్టింది నేనే. అటూ ఇటూ చూడలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఆ వేసవిలో ఊరికి పిచ్చెక్కింది. విగ్ పార్టీవాళ్ళు తమ ముసలి సైన్యాధిపతిని అధ్యక్షుణ్ణి చేయడానికి నిలబెట్టారు. ఆయన దుంగల గుడిసెలో పుట్టిన పేదవాడని పాటలు కట్టారు. ఆయన పుట్టింది మేడలోనని మా అన్నయ్య అంటూనే ఉండేవాడు, గుడిసె బొమ్మ కట్టి ఊరేగించే బండి వెనక అందరితోపాటు నడుస్తూనే ఉండేవాడు. మనిషికంటే ఎత్తున్న తోలు బంతి ఒకటి చేసి, దాని మీద నినాదాలు రాసి, ఊరి నుంచి ఊరికి దొర్లించుకుంటూ వెళ్ళారు. ఆ బంతికి తోలు ఇచ్చింది హాలోవెల్ గారు, ఊరి విగ్ సంఘానికి పెద్ద ఆయనే. పులిసిన ఆపిల్ రసం పీపాలు కూడా ఆయనవే. ఆ పాటలన్నిట్లో బానిసల ఊసు ఒక్క ముక్క లేదు. రెండు పక్షాల వాళ్ళూ ఆ విషయంలో ఒకే తాటి మీద ఉన్నారు.

అక్టోబరు మొదటి వారంలో కబురొచ్చింది, తోలు కుట్టే ఆడవాళ్ళంతా కార్ఖానాకు రావాలని. కత్తిరింపు గదిలో నిలబడ్డాం. హాలోవెల్ గారి చేతిలో ఉత్తరం ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. మా అన్నయ్య దగ్గుతో మంచం పట్టిన నెలలో తేనె పంపించాడు. ఆ రోజు ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చార్ల్‌స్టన్ వర్తకుడు రాశాడు. మన ఏడో నెంబరు పెట్టె అడుగున ఒక కాగితం దొరికిందట. బానిసల్ని విడిచిపెట్టమని అర్జీ. కింద పేర్లు. అన్నీ మీ పేర్లే," అన్నారు.

 పొయ్యి పక్కన గూడు నా కళ్ళ ముందు మెదిలింది.

"ఇక మన సరుకు కొననంటున్నాడు. వాడొక్కడే కాదు, ఆ రేవులో ఎవడూ కొనడు. ఒక్కటే దారి. ఆ పేర్లు మావి కావు, మాకు తెలియకుండా ఎవరో రాశారు, దక్షిణాది సోదరుల ఆస్తి జోలికి వచ్చే ఉద్దేశం మాకు లేదు అని మీరంతా సంతకాలు పెట్టి ఇస్తే, అది వాళ్ళ పేపర్లో వేయిస్తాను. పనులు ఆగవు. లేదంటే రేపటి నుంచి ఇంట్లో కూర్చోండి, నేనూ కూర్చుంటాను."

 వదిన ముందుకు వెళ్ళింది.

"అయ్యా, పెట్టె అడుగున ఉన్న కాగితం ఎవరికి దొరికింది?"

"అది నీకెందుకమ్మా?"

"అది నా కాగితం. ఎవరు చూశారో నాకు తెలియాలి కదా."

"కెజయా, ఇంటికి వెళ్ళు. ఆసా ఒంట్లో బాగాలేదు. ఇంటికి వెళ్ళమ్మా."

"ఆయన దగ్గు ఎక్కడికీ పోదు. ఉత్తరం చదవండి."

ఆయన ఉత్తరం మడత విప్పారు. చివరికి చదివారు. నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. పెట్టె విప్పింది ఆ వర్తకుడి గిడ్డంగిలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్న ప్రైమస్ అనే బానిస. వాడికి చదవడం వచ్చని యజమానికి అన్నాళ్ళూ తెలియదు. పెట్టెల మీద అక్షరాలు చూసి చూసి తనంతట తానే నేర్చుకున్నాడట. కాగితాన్ని చొక్కా లోపల దాచుకుని, వరసగా మూడు ఆదివారాలు పీపాల చాటున పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించాడట. అర్జీ మొత్తం. కింద ఉన్న పేర్లతో సహా, ఒక్కొక్క పేరూ. నాలుగో ఆదివారం పట్టుబడ్డాడు. కొరడాతో కొట్టించి, న్యూ ఆర్లీన్స్ సంతకు వెళ్ళే ఓడ ఎక్కించారు. పెళ్ళాం, ముగ్గురు పిల్లలు వేరే దొర సొత్తు కాబట్టి చార్ల్‌స్టన్‌లోనే ఉండిపోయారు. అంత మంచి పనివాణ్ణి పోగొట్టుకున్నందుకు వర్తకుడు ఉత్తరం చివర చాలా బాధపడ్డాడు.

గదిలో ఎవరో ముక్కు చీదారు. హాలోవెల్ గారు కాగితం మడిచి, బల్ల మీద ఇంకో కాగితం పరిచారు. పక్కనే కలం పెట్టారు.

ఒక్కొక్కరే వెళ్ళి సంతకం పెట్టారు. అర్జీకి సంతకాలు పోగుచేయడానికి వదినకు మూడు వారాలు, ఆ పైన పది రోజులు పట్టింది. హాలోవెల్ గారికి ఆ మధ్యాహ్నం సరిపోయింది. అర్జీ మీద మగవాళ్ళ సంతకాలు ఆరో ఏడో ఉంటాయి, వాటి సంగతి వాళ్ళ పెళ్ళాలే చూసుకుంటామన్నారు. జేబెజ్ తాతగారు ఆ వేసవిలోనే పోయారు, ఆయనొక్కడే మాట తప్పాల్సిన అవసరం లేనివాడు.

నా వంతు వచ్చింది. అన్నయ్య దగ్గు గుర్తొచ్చింది, అటక కింద గది గుర్తొచ్చింది. వదిన వైపు చూడలేదు. లొవైసా టటిల్ అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ రోజు కూడా బాగానే వచ్చింది.

వదిన కలం ముట్టుకోలేదు. "పేరు నాది కాదని ఎట్లా చెప్పను అయ్యా," అంది మెల్లగా. "అతను చదివాడు కదా."

అంతే. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. ఇంటికి వచ్చే దారిలో నేను ఆగలేకపోయాను.

"వదినా, ఆ కాగితం చుట్టింది నేను."

"తెలుసు లోవీ. ఇంట్లో తోళ్ళు చుట్టేది మనిద్దరమేగా."

"నన్ను తిట్టు."

"తిట్టే ఓపిక లేదు. పద, మీ అన్నయ్యకు మందు వేళయింది."

ఆ మర్నాటి నుంచి హాలోవెల్ గారి తోలు నాకు వచ్చేది, ఆవిడకు వచ్చేది కాదు. నాలుగు మైళ్ళ అవతల మిల్‌ఫోర్క్‌లో చిన్నపిల్లల బూట్లు కుట్టించే ఒకాయన దగ్గర పని వెతుక్కుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి రావడం, చలిలో, బురదలో. నవంబరులో విగ్‌లు గెలిచారు, బంతి మళ్ళీ మా వీధిలోంచి దొర్లుకుంటూ వెళ్ళింది. కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన నెలకే జ్వరంతో పోయాడు. ఇంకొకాయన వచ్చాడు, ఆయన సొంతానికే బానిసలున్నారు. ఆ మరుసటి ఏడు, నలభై రెండులో, మా అన్నయ్య పోయాడు. వదిన మూడు రోజులు కుట్టు పని మానేసి, నాలుగో రోజు మళ్ళీ కూర్చుంది.

ప్రైమస్ కోసం వెతక్కుండా ఉండలేదు. బోస్టన్ రేవుకు వెళ్ళి న్యూ ఆర్లీన్స్ ఓడల కెప్టెన్లను అడిగింది. ఒకాయన నవ్వాడట. "అమ్మా, అక్కడ ప్రైమస్‌లు గంపలకొద్దీ ఉంటారు. కొన్నవాడు వాడికి ఈపాటికి ఇంకో పేరు పెట్టి ఉంటాడు," అన్నాడట. ఆ మాట నాతో చెప్పి, శాలువా మేకుకు తగిలించి, చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. నాకు భయం వేసింది. ఆవిడ ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలిసేది. ఏడవలేదు.

అర్జీలు మానుతుందనుకున్నాను. మానలేదు. చలికాలం రాగానే మళ్ళీ కాగితం, మళ్ళీ వీధి. ఒక్క తేడా వచ్చింది. గుమ్మాల దగ్గర పైకి చదవడం మానేసింది. కాగితం చాచి పట్టుకుని నిలబడేది, అంతే. చదివేవాళ్ళు చదువుకునేవారు. ఎందుకలా అని నేను అడగలేదు. నేను వెంట వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, మాట తప్పినదాన్ని ఏ మొహం పెట్టుకుని వెళ్ళను. ఒక ఏడు పదకొండు సంతకాలు వచ్చాయి. ఒక ఏడు ఆరు.

నలభై నాలుగు డిసెంబరులో తపాలా కొట్టు ముందు గుంపు కనబడితే ఆగాను. ఒకాయన బోస్టన్ పేపరు చదువుతున్నాడు. వాషింగ్టన్ సభ ఆ నిబంధన ఎత్తేసింది, ఇక అర్జీలు తీసుకుంటారు. మంచులో పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. నలభై దాటాక అలా పరుగెత్తడం అదే మొదలు, అదే చివర. వదిన కిటికీ దగ్గర కుడుతోంది.

"ఎత్తేశారు వదినా! ఇక గుమ్మంలో ఆపరట. అర్జీలు సభలోకి తీసుకుంటారట. నీ కాగితం చదువుతారు!"

సూది ఆగలేదు. "ఎంత తేడాతో?"

"నూట ఎనిమిది, ఎనభై."

"తీసుకోవచ్చు అని చెప్పడానికి నూట ఎనిమిదిమంది కావలసొచ్చింది," అంది. దారం పళ్ళతో తెంపింది. "అతనొక్కడే చదివాడు లోవీ. ఎవరినీ అడగలేదు."

నా ఉత్సాహం నీరుగారిపోయింది. మంట ముందు కూర్చుని తడిసిన మేజోళ్ళు విప్పుకున్నాను. నాలుగేళ్ళ నుంచి గొంతులో ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది.

"ఈసారి నేను పెడతాను సంతకం. హాలోవెల్ ఏం చేసుకుంటాడో చేసుకోనీ."

 వదిన లేచి, బీరువాలోంచి కొత్త కాగితం తెచ్చి, సిరాబుడ్డితో సహా నా ముందు పెట్టింది. ఆడవాళ్ళ గడిలో ఆవిడ పేరు ఒక్కటే ఉంది. దాని కింద నా పేరు రాశాను. కాగితం తిరిగి ఇవ్వబోయాను, పుచ్చుకోలేదు.

"పైకి చదువు," అంది.

"నీకు కంఠతా వచ్చింది కదా వదినా."

"నాకు కాదు. నువ్వు చదువు. మొదటి నుంచి. పేర్లతో సహా."

చదివాను. అర్జీ మొత్తం బాగానే చదివాను. కెజయా టటిల్ అని చదివాను. నా పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ పీపాల చాటున ప్రైమస్ మూడు ఆదివారాలు ఇదే పేరు తప్పు లేకుండా పలికి ఉంటాడు. వదిన కుట్టు పని పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొందరపెట్టలేదు, ఓదార్చలేదు.

"మళ్ళీ చదువు," అంది.